హైట్ స్లైడర్‌ని 1 దగ్గరే ఉంచండి

మాది కొత్తగూడెం. పోయిన నెల ఒక వీకెండ్ కూర్చుని, మా ఊరి నుంచి భద్రాచలం దాకా ఉన్న నేలని బ్లెండర్‌లో 3డీ మోడల్ చేశా. హైట్ డేటా ఫ్రీగానే దొరుకుతుంది: 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం. రెండర్ చేస్తే అంతా చపాతీలా వచ్చింది. దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పులో మన గుట్టలు ఏం కనిపిస్తాయి? అందరూ చేసే పనే నేనూ చేశా. హైట్ స్లైడర్ 3కి లాగా. స్క్రీన్‌షాట్ అదిరిపోయింది!

భద్రాచలంలో ఉండే మామయ్యకి చూపిస్తే, "గోదారి ఒడ్డు ఇంత ఎత్తుంటే 2022లో మేం ఇల్లొదిలి ఎందుకు పోతాంరా?" అన్నాడు.

ఆ జులైలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకి, మూడోది 53కి. తేడా 10 అడుగులే, అంటే 3 మీటర్లు. నా మోడల్‌లో అది 9 మీటర్లు, మూడంతస్తుల మేడంత!

వాలు కూడా చెడిపోతుంది. 20 డిగ్రీల వాలుని ఎత్తులో 3 రెట్లు చేస్తే దాదాపు 47 డిగ్రీలవుతుంది. చాలా టూల్స్ వాలుని బట్టే టెక్స్చర్ వేస్తాయి: తక్కువుంటే పచ్చదనం, ఎక్కువుంటే బండ. అలా నా స్క్రీన్ మీద అడవి గుట్టలు బోడి కొండలైపోయాయి.

ఫాంటసీ గేమ్ చేస్తుంటే మీ ఇష్టం, 10 రెట్లు పెంచుకోండి. కానీ ఊరి పేరు పెట్టి పోస్ట్ చేసేటప్పుడు మాత్రం 1 దాటొద్దనేది నా మాట. మరీ ఫ్లాట్‌గా ఉందనిపిస్తే కెమెరాని కిందికి దించండి, సూర్యుణ్ని వాల్చండి. నీడలు పడితే చిన్న గుట్ట కూడా బాగా తేలుతుంది. పెంచక తప్పకపోతే "ఎత్తు 3 రెట్లు" అని ఫొటో మూలన రాయండి.

ఇంకోటి, 1 దగ్గర పెట్టినా ఈ డేటాతో వరద లెక్కలు వేయకండి. అడవిలో రాడార్ చాలావరకు చెట్ల పైభాగం నుంచే వెనక్కొస్తుంది, అందుకే అడవి అంచున లేని గట్టు కనిపిస్తుంది. 2000 తర్వాత సింగరేణి తవ్విన ఓపెన్‌కాస్ట్ గుంతలు, పోసిన మట్టి గుట్టలు అందులో అసలుండవు.

మోడల్ మళ్లీ 1తో రెండర్ చేశా. మునుపంత అదరలేదు. కానీ మామయ్య చూడగానే తన వీధి ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.