వంటకం వెనుక ఉన్న ఊరు

ఈ సంచికకు పాత ఇంటి వంటల గురించి రాయమని కోరితే, కృష్ణా డెల్టా దిగువ నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువగా స్పందించాయి. మొవ్వ, గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు వారు పంపినవన్నీ చదివాక మాకు ఒక సంగతి అర్థమైంది. మన దగ్గర వంటకాల పేర్లున్నాయి, రుచి గుర్తుంది. ఎంత వేయాలో, ఎందుకలా చేస్తారో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

మొవ్వ పక్క ఊరి కుటుంబం ఒకటి పాత నోటుపుస్తకంలోని పేజీ పంపింది. సున్నుండల గురించి అందులో ఒక్కటే వరస: రెండు మానికల మినుములు, వీశె బెల్లం, పట్టినంత నెయ్యి. రాసినావిడకు అంతకు మించి అక్కర్లేదు. ఈనాటి పిల్లలకు మాత్రం దాంట్లో ప్రతి మాటా చిక్కుముడే. నాలుగు గిద్దెలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. వీశె అంటే నూట ఇరవై తులాలు, మన లెక్కలో సుమారు 1.4 కిలోలు. 1960ల నాటికి కిలోలు, లీటర్లు వచ్చి ఇవి అంగళ్ళలోంచి తప్పుకున్నాయి. పైగా మానిక ఊరూరికీ కొంత తేడాగా ఉండేది. అందుకే ఆ ఇంటి మానిక ఇంకా అటక మీద ఉంటే, దాన్ని నింపి తూచి, ఆ బరువు రాసుకోవాలి. అది చేయకపోతే ఆ వరస చేతిలో ఉన్నా సున్నుండ చేతికి రాదు.

అసలు ఆ ఊళ్ళో మినుముకు అంత చోటు ఎందుకు దక్కింది? 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి మాగాణి పెరిగింది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను నిలబడి ఉండగానే తడి నేల మీద మినుము చల్లుతారు. మళ్ళీ దున్నరు. నేలలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు దానికి చాలు. మాఘ ఫాల్గుణాల్లో పంట ఇంటికొస్తుంది. ఎదిగే ఆడపిల్లకు నడుము గట్టిపడాలని పెట్టే సున్నుండ ఆ చేలోంచి వచ్చిందే.

ఆ సున్నుండ చేద్దామంటే, మనం వలస వచ్చిన ఈ చోట దుకాణాల్లో చేతికి తేలిగ్గా దొరికేవి పొట్టు తీసిన తెల్లగుళ్ళు. పాత పద్ధతికి పొట్టు మినుములే కావాలి. ఇనప మూకుట్లో సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక తిరగలిలో కాస్త బరకగా విసరాలి. మరీ మెత్తనైతే ఉండ అంగిట్లో అంటుకుంటుంది. తరిగిన బెల్లంతో కలిపి రోట్లో దంచి, కాచిన నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ, పిడికిట్లో నిలిచేదాకా చూసి ఉండ కట్టాలి. ‘పట్టినంత’ అని ఆవిడ రాసింది ఆ చూపునే.

ఈ వంటల చరిత్ర ఆనకట్ట కంటే వెనక్కీ వెళుతుంది. ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలోనే శ్రీకృష్ణదేవరాయలు ఆంధ్ర మహావిష్ణువును కొలిచి, ఆముక్తమాల్యదకు పూనుకున్నారు. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వడ్డిస్తాడు. వానల్లో వడియాలు, వరుగులు; ఎండల్లో పలచని అంబలి, చెరకురసం, నీరు మజ్జిగ; చలిలో మిరియాల పొడి వేసిన కూరలు, ముక్కు బిగువు వదలగొట్టే ఆవపచ్చళ్ళు. ఆ వడ్డనలో మిరపకాయ లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరప మన వంటింట్లో కుదురుకుంది ఆ తర్వాతే. మనకు తరతరాలదిగా కనిపించే ఎర్రటి ఆవకాయ కంటే, జలుబు చేస్తే అమ్మ కాచే మిరియాల చారు వెనుక ఉన్న అలవాటు పాతది. బందరు లడ్డు కూడా బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన బొందిలీ కుటుంబాలతో వచ్చిందని అక్కడివారు చెబుతారు. ఎక్కడినుంచో వచ్చినవాటిని తనవిగా చేసుకోవడం ఈ డెల్టా గుణం. వలస వచ్చిన మనం అది గుర్తుపెట్టుకోవాలి.

అచ్చయిన వంటల పుస్తకాలు మనకు లేకపోలేదు. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ గారి ‘వంటలు పిండివంటలు’ ఎన్ని ఇళ్ళలో కొత్త కోడళ్ళకు దారి చూపిందో! అయితే ఏ పుస్తకమూ ఒక్కో ఇంటి పద్ధతిని పట్టలేదు. పైగా ఈ సంచికకు మాకు చేరిన రచనల్లో పండగ పిండివంటలే ఎక్కువ. నాగాయలంక వైపు మత్స్యకారుల ఎండుచేపల పులుసు, బందరు ముస్లిముల ఇళ్ళ పాకం, కోతలకు వెళ్ళే కూలీల గంజీ పచ్చిమిరపకాయా వీటిలో దాదాపు లేవు. ఇది మన సేకరణలోని లోటు. అందులో కొంత ఇక తీరనిది. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. వాళ్ళేం వండుకునేవారో ఇక ఎవరినీ అడగలేం. బతికున్నవారిని అడగకపోవడం మాత్రం మన నిర్లక్ష్యమే అవుతుంది.

అందుకే పాఠకులకు మా విన్నపం. ఈ సెలవుల్లో ఊరికి ఫోన్ చేసినప్పుడు, వెళ్ళినప్పుడు ఒక్క వంటకం ఎంచుకోండి. పెద్దవాళ్ళు వేసే ప్రతి గుప్పెడూ గిన్నెలో పడేలోపు తూచండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ నెలలో చేసేవారు, సరుకు ఎక్కడినుంచి వచ్చేదో అడిగి రాయండి. వాళ్ళ గొంతు రికార్డు చేయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. పండగ వంటే కానక్కర్లేదు, రోజూ తిన్న పచ్చడైనా పంపండి. వచ్చే సంచికల్లో ఊరి పేరుతో సహా వరసగా వేస్తాం.