ఎనిమిదికి జడియు విశ్వాసులు



తుమ్మలపల్లె ప్రాంతపు మన సంఘములలో ఇటీవల ఒక పెండ్లి సంబంధము తప్పిపోయినది. పిల్ల చదువుకొన్నది, పనిమంతురాలు, బాప్తిస్మము పొంది సండే స్కూలులో చిన్నబిడ్డలకు పాఠము చెప్పుచున్నది. ఇరువైపులవారు మాటలు ముగించుకొని, గుడిలో పెండ్లి ప్రకటన చదువుమని నాతో చెప్పుటకు సిద్ధముగా నుండిరి. అంతలో వరుని మేనమామ పట్టణములో ఒక అంకెల జోస్యునికి పిల్ల పుట్టిన తేదీ చూపెనట. 17వ తేదీ. ఒకటియు ఏడును కలిపిన ఎనిమిది. ఎనిమిది శని సంఖ్య. అంతటితో సంబంధము వద్దనిరి. వరుని తండ్రి ప్రతి నెల ప్రభువు బల్లయొద్ద మోకరించువాడే. నేను వెళ్లి అడుగగా, "నమ్మకమని కాదు అయ్యగారూ, ఎందుకైనా మంచిదని" అనెను.

ఈ "ఎందుకైనా మంచిది" అను మాట మన యిండ్లలో చెదపురుగువలె పనిచేయుచున్నది. గోడ పైకి బాగుగనే కనబడును. లోపల దూలము పొడియైపోవును.

ఈ శాస్త్రము ఎక్కడనుండి వచ్చెనో విచారించితిరా? తారీఖులు కూడి, పేరులోని అక్షరములకు అంకెలు వేసి ఫలము చెప్పు ఈ పద్ధతిని లోకమంతట వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు కీరో అను మారుపేరు పెట్టుకొన్న ఐర్లండు దేశస్థుడు. 1866లో పుట్టి 1936లో చనిపోయెను. మన జోస్యులలో అనేకులు నేటికిని అతని లెక్కనే తిరుగవేయుచున్నారు. ఆ లెక్క ఇంగ్లీషు అక్షరములది. మన రూతమ్మ పేరును ఇంగ్లీషులో ఒక "యు"తో వ్రాయవచ్చును, రెండు "ఓ"లతోను వ్రాయవచ్చును. ఒక విధముగా వ్రాసిన ఒక అంకె, మరియొక విధముగా వ్రాసిన మరియొక అంకె. తల్లి కన్నది ఒక్క రూతమ్మనే గదా! గుమాస్తా కలము కదలినట్లు ఆమె అదృష్టము మారునా?

ఇక తేదీ సంగతి. మన పల్లెలలో వయస్సు మళ్లినవారిలో అనేకుల పుట్టినతేదీ బడిలో చేర్చిన దినమున పంతులుగారు తోచినట్లు వేసినదే. అందువలననే రికార్డులలో ఇంతమంది జూన్ ఒకటినను జూలై ఒకటినను పుట్టినవారున్నారు. శని పంతులుగారి రిజిస్టరు చూచి వచ్చునా? ఇంగ్లండు దేశములో 1752 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి పండుకొనినవారు ఉదయము లేచునప్పటికి 14వ తేదీ యాయెను. పంచాంగము సరిచేయుటకు ప్రభుత్వమువారు మధ్య 11 దినములు తీసివేసిరి. సూర్యుడు మాత్రము ఎప్పటివలెనే ఉదయించెను.

దేశదేశములు తిరిగి చూచిన ఈ అబద్ధము తనను తానే కొట్టుకొనుచున్నది. చీనా దేశములో ఎనిమిది మహాభాగ్యపు సంఖ్య. 2008లో పెకింగు నగరమున ఒలింపిక్ ఆటలను ఎనిమిదవ నెల ఎనిమిదవ తేదీ సాయంకాలము ఎనిమిది గంటలకు ప్రారంభించిరి. హిమాలయములకు ఆవల ధనమిచ్చు ఎనిమిది, ఈవలకు రాగానే శనియగునా? వారికి భయము నాలుగన్న. వారి భాషలో ఆ మాట చావు అను మాటవలె వినబడును. జపానువారికిని అంతే. ఇటలీవారికి పదునేడు కిట్టదు. రోమను అంకెలలో దాని అక్షరములను తారుమారు చేసిన "నేను జీవించితిని", అనగా ఇక లేను, అను మాట వచ్చునట. మనకో, ఏడు అనగానే ఏడుపు తోచును. ఏడ్చు బిడ్డను ఆరున్నొక్క రాగము తీయుచున్నాడందుము. కళ్లములో గింజలు కొలుచునప్పుడు మొదటి కొలతను ఒకటి యనక "లాభం" అందుము. ఇవన్నియు నాలుక చేసిన పనులే. (కానుక కవరులో వంద వేయక నూట పదహార్లు వేయువారిని మాత్రము నేను గద్దించను. సంఘ కోశాధికారికి పదహారు రూపాయలు అధికము.)

అన్యులను మాత్రమే అనుట న్యాయము కాదు. పదుమూడును గూర్చిన భయమునకు క్రైస్తవ దేశములే పుట్టినిల్లు. కడపటి భోజనమున పదుముగ్గురు కూర్చుండిరి గనుక అది చెడ్డదని చెప్పుదురు. మన దేశములోను చండీగఢ్ పట్టణమునకు ప్లాను వేసినప్పుడు 13వ సెక్టారు లేకుండ చేసిరి. 2020లో గాని ఆ సంఖ్యను మణిమజ్రాకు ఇయ్యలేదు. ఆ బల్లయొద్ద కూర్చున్న పదుముగ్గురిలో ఒకరు మన ప్రభువే గదా! ద్రోహము పుట్టినది కూర్చున్నవారి లెక్కలో కాదు, ముప్పది వెండి నాణెముల ఆశలో. ముప్పదికి ఎవడైనను జడియుట చూచితిరా?

బైబిలులో ఏడు లేదా, పండ్రెండు లేదా, నలుబది లేదా అని కొందరు నన్నడిగిరి. ఉన్నవి. నయమాను యొర్దానులో ఏడు మారులు మునిగెను. అతనిని శుద్ధుని చేసినది ఏడు కాదు, దేవుని మాటకు లోబడుట. నమ్మనివారు మన పెన్నలో డెబ్బది మారులు మునిగి చూడవచ్చును, అందులో నీళ్లున్న ఏట. లేఖనములలో అంకె గురుతు మాత్రమే. అదృష్ట దేవతకు బల్ల సిద్ధపరచిన స్వజనులను దేవుడు యెషయా 65వ అధ్యాయములో ఎట్లు గద్దించెనో చదువుడి. ఎస్తేరు గ్రంథమును చదువుడి. హామాను యూదులను చంపుటకు మంచి దినము కావలెనని మొదటి నెల మొదలుకొని చీట్లు వేయించెను. తేలినది పండ్రెండవ నెల. పదుమూడవ దినమును నియమించి తాకీదులు పంపిరి. ఆ దినము రాకమునుపే హామాను తాను చేయించిన కొయ్యకు తానే వ్రేలాడెను. దినము వచ్చినప్పుడు ఓడినవారు యూదుల శత్రువులే. యూదులు ఆ చీటి పేరనే, పూరీము అని, నేటికిని పండుగ చేయుచున్నారు.

మన ప్రాంతములో నిజముగా చూడవలసిన అంకెలు లేకపోలేదు. ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ అని వ్రాసి యుండును. అది నెలకు. లక్ష రూపాయలకు ఏటికి 24,000. చీనీ తోటకు బోరు వేయుటకు అప్పు తెచ్చిన సహోదరుడు ఆ లెక్క వేయలేదు గాని, మోటారు సైకిలు నంబరు కూడిన తొమ్మిది రావలెనని వేలములో డబ్బు పోసెను. 2012లో మన యొద్ద యురేనియం మిల్లు ప్రారంభమాయెను. పిమ్మట చుట్టుపట్ల పల్లెలవారు తమ బోరు నీళ్లు చెడినవని మొరపెట్టిరి. త్రాగు నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పెండ్లికూతురు తేదీని కూడి చూచినవారు తాము త్రాగు నీళ్ల పరీక్షాపత్రము ఏనాడైనను అడిగి చూచితిరా?

ఆ పిల్ల తండ్రి మరియొక సంబంధము చూచుచున్నాడు. సంఘములలో ఎవరైనను అడుగ వచ్చినయెడల 17వ తేదీ సంగతి ముందే చెప్పుమని ఆయనకు చెప్పితిని. దానికి వెనుదీయు ఇంటికి మన బిడ్డను ఇయ్యకపోవుటయే మేలు. వచ్చే నెల ప్రభువు బల్ల ఆరాధన తరువాత ప్రోనోట్లు గలవారు వాటిని తీసికొని రండి, వడ్డీ లెక్క నేను వేసి చూపెదను. మీ బోరు నీళ్లు ఎవరైనను పరీక్ష చేయించి యుంటిరేని ఆ కాగితమును కూడ తెండి.