ఆఖరి ఇంజెక్షన్ ఎన్నింటికి?

"ఆఖరి ఇంజెక్షన్ ఎన్నింటికి చేశారు?"

మత్తు డాక్టరుగారు అడిగిన ఈ చిన్న ప్రశ్నకి గుడివాడ ఆసుపత్రి వరండాలో నిలబడ్డ తొమ్మిదిమందిమీ జవాబు చెప్పలేకపోయాం. "మధ్యాహ్నం భోజనాలయ్యాక" అన్నాడు అల్లుడు. "కాదు, దీపాలు పెట్టే వేళ" అన్నారు వియ్యపురాలుగారు. లోపల మా ఆడపడుచు కూతురు సిజేరియన్‌కి సిద్ధంగా ఉంది. ముహూర్తం ఉదయం 9 గంటల 20 నిమిషాలు!

అయిదో నెలలో ఆ పిల్లకి కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. బందరులో డాక్టరు రక్తం పలచబడే ఇంజెక్షన్లు రోజుకి రెండు పూటలా రాశారు. నాగాయలంకలో, అత్తవారింట, ఊళ్లోని ఆర్.ఎం.పి. గారు చేసేవారు. కాన్పేమో పుట్టిల్లు గుడివాడలో. మందు రాసింది బందరులో, సూది పొడిచింది దివిసీమలో, ఆపరేషన్ గుడివాడలో. సూది వేళ రాసిన కాగితం మాత్రం ఏ ఊళ్లోనూ లేదు.

ముందురోజు ఉదయం నుంచే ఆపెయ్యమని డాక్టరుగారు చెప్పే ఉన్నారు. ప్రయాణంలో మళ్లీ గడ్డకడుతుందేమోనని భయపడి వియ్యపురాలుగారు బయల్దేరే ముందు ఇంకొకటి చేయించారు. ప్రేమతోనే! ఫోను చేసి కనుక్కుంటే సాయంత్రం 6 గంటలకని తేలింది. తొందరపెట్టే పరిస్థితి లేదు గనక డాక్టర్లు ఆగారు. ముహూర్తం దాటిపోయింది. రాత్రి ఏడున్నరకి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు. నేను మాత్రం ఆ డాక్టరుగారికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఎందుకంటే, సిజేరియన్‌కి మత్తు సాధారణంగా వెన్నులో సూదితో ఇస్తారు. ఆ సూదికి చిన్న రక్తనాళం తగిలినా మామూలుగా రక్తం దానంతటదే ఆగిపోతుంది. పలచబడిన రక్తం ఆగదు. వెన్నులో చేరి నరాల్ని నొక్కేస్తే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. ఇది అరుదే, కానీ వస్తే దిద్దుకోవడం కష్టం. ఎనాక్సపారిన్ వంటి ఈ మందుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లోనే హెచ్చరించింది. 2013లో లెక్క కూడా చెప్పింది: చిన్న మోతాదైతే కనీసం 12 గంటలు, గడ్డకి చికిత్సగా ఇచ్చే పెద్ద మోతాదైతే 24 గంటలు ఆగాలి. మూత్రపిండాల జబ్బుంటే ఇంకా ఎక్కువ సేపు కావాలి.

అలాగని భయపడి మనంతట మనం మానెయ్యకూడదు. గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు వారాల వరకూ బాలింతకీ గడ్డకట్టే ముప్పు ఎక్కువ. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే మోసం. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి. చెప్పింది తు.చ. తప్పకుండా చెయ్యడం మన వంతు. ఆపరేషన్ తర్వాత నడుం విపరీతంగా నొప్పిపెట్టినా, మత్తు దిగాల్సిన వేళకి కాళ్ల తిమ్మిరి తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా "బాలింతకి ఇవి మామూలే" అనుకోకుండా వెంటనే నర్సుని పిలవాలి. పన్ను పీకించుకునేటప్పుడు కూడా ఈ మందు సంగతి ముందే చెప్పాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు.

పాలు ఏ రోజు రాలేదో, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో గోడమీది క్యాలెండర్‌లో రాసిపెట్టుకునేది మనమే కదా! ఆ పక్కనే మందు పేరు, మోతాదు, చేసిన గంట కూడా రాద్దాం. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చింపి చీటీల సంచిలో పెట్టుకుందాం. ముహూర్తం కోసం పంచాంగం తెరిచే మనకి, సూది వేళ రాయడానికి పెన్ను తియ్యడం బరువా?