ఏ బడికి పంపవలెను?

ఆటిజము గల బిడ్డను ఎల్లరు చదువుకొను సాధారణ పాఠశాలకు పంపవలెనా, ప్రత్యేక పాఠశాలకు పంపవలెనా యను సందేహము పెక్కుమంది తల్లులను బాధించుచున్నది. బంధువు లొకటి చెప్పుదురు, ఇరుగుపొరుగువారు వేరొకటి చెప్పుదురు. కావున ఈ మాసము ఈ విషయమును గూర్చియే ముచ్చటింప దలచితిమి.

మొదట చట్టమేమనుచున్నదో ఎఱుగుట మేలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును స్పష్టముగా పేర్కొన్నది. వైకల్యము నూటికి 40 పాళ్లకు తగ్గదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్య పొందు హక్కు కలదు. ఇంటిచెంతనున్న బడియో, ప్రత్యేక పాఠశాలయో కోరుకొను స్వేచ్ఛ ఆ బిడ్డదే కాని, వాకిటినుండియే మరలింపజూచు బడివారిది కాదు.

ఇక ఏది మేలు? సాధారణ పాఠశాలలో తోటిపిల్లల మాట, ఆట, నడవడి బిడ్డకు నిత్యపాఠములగును. కాని ఇట్టి పిల్లలలో కొందఱు గంట మ్రోగగనే చెవులు మూసికొందురు. అలవాటైన క్రమము మారినచో కలవరపడుదురు. వారిని కడపటి బల్లపై కూర్చుండబెట్టి మఱచినచో అది చదువు కాదు, హాజరుపట్టీలో పేరు మాత్రమే. ప్రత్యేక పాఠశాలలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు బొమ్మలు చూపి, ఒక్కొక్క మెట్టుగా నేర్పుదురు. కాని అక్కడ ఇతర బాలురతో కలసి మెలగు అవకాశము తక్కువ.

కావున బడి పేరునుబట్టిగాక పనినిబట్టి నిర్ణయింపుడని మా మనవి. దినచర్యను బిడ్డకు బొమ్మలతో ముందుగా తెలుపుదురా? కలత చెందినపుడు కూర్చుండుటకు ప్రశాంతమైన తావున్నదా? ప్రత్యేక ఉపాధ్యాయుడు వచ్చునా? మూడు మాసములలో బిడ్డ క్రొత్తగా నేర్చినదేమి? ఈ ప్రశ్నలు నిస్సంకోచముగా నడుగుడు. నేటి నిర్ణయము శాశ్వతము కాదు. బిడ్డ ఎదిగిన కొలది మార్చుకొనవచ్చును. తెలుగునాట సమగ్రశిక్ష క్రింద నడచు భవిత కేంద్రములలో కొంతకాలము నేర్చి, పిదప సాధారణ పాఠశాలలో చేరుటయు నొక మార్గమే.

తక్కిన తల్లులకును ఒక మాట. మీ బిడ్డ ప్రక్కన అట్టి బిడ్డ కూర్చుండినచో, "మా వాని చదువు చెడును" అని బడివారిపై ఒత్తిడి తేకుడు. "వానిని ఆటకు పిలువుము" అని మీ బిడ్డకు నేర్పుడు. చట్టము తలుపు తెఱవగలదు. లోన చోటిచ్చి ఆదరింపవలసినవారము మనమే.