పిక్క సంతకు, పండు మట్టికి

వేసవిలో గోవా వెళ్లేవాళ్లు సముద్రంతో పాటు ఫెనీ బట్టీలు కూడా చూసి వస్తున్నారు. మన సంఘం వాళ్లం కొందరం కూడా వెళ్లి చూశాం. మందు రుచులు చెప్పడానికి ఇది రాయడం లేదు. మన శ్రీకాకుళం ఉద్దానం తోటల్లో కుళ్లిపోయే జీడిపండునే అక్కడ కాస్తున్నారు కాబట్టి రాస్తున్నాం.

చెట్టు నుంచి తనంతట తాను రాలిన పండునే ఏరుతారు. పిక్క తీసి అమ్మకానికి పక్కన పెడతారు. పండు తొక్కి రసం తీసి, కొన్ని రోజులు పులియబెట్టి బట్టీ మీద కాస్తారు. మొదటి కాపులో వచ్చేది ఉర్రాక్. మళ్లీ కాస్తే ఫెనీ. 2009లో గోవా జీడి ఫెనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే చోట తయారైన మందుకు ఆ పేరు పెట్టడానికి వీల్లేదు. అక్కడ ఒకే చెట్టు మీద రెండు రాబడులు.

మరి మన దగ్గర? పిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తున్నాం. ఆ పిక్క ధర కూడా మన చేతిలో లేదు. ఆఫ్రికా దేశాల పిక్క పలాస ఫ్యాక్టరీలకు దిగితే మన 80 కిలోల బస్తాను అడిగే నాథుడుండడు. 2018లో తిత్లీ తుపాను తోటలను కూల్చినప్పుడు ఆసరాగా మరో రాబడి లేకపోయింది.

ఊరూరా బట్టీలు పెట్టమని మేము అడగడం లేదు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతోనే 1993లో సారా నిషేధం వచ్చింది. సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో మనకు తెలుసు. ఆ పోరాటానికి నీళ్లొదిలే పని ఈ సంఘం చేయదు.

కానీ ఆ పండుతో రసం, జామ్, వెనిగర్ కూడా చేయవచ్చు. చిక్కల్లా ఒక్కటే. రాలిన పండు ఒకటి రెండు రోజులకు మించి ఆగదు. దూరం మోస్తే పాడవుతుంది. అందుకే తోటల దగ్గరే రసం తీసే కేంద్రాలు కావాలి. అవి రైతుల సహకార సంఘాల చేతిలో ఉండాలి. పెట్టుబడికి ప్రభుత్వం అప్పు, రాయితీ ఇవ్వాలి. పిక్కకు మద్దతు ధర కోసం మనం చేస్తున్న పోరాటానికి ఈ డిమాండ్ కూడా జోడిద్దాం.

వచ్చే కాపు లోపే ప్రతి ఊళ్లో సమావేశం పెట్టి ఈ మాట చర్చించండి. పండించిన పంటలో సగం మట్టిపాలు చేసుకుని, మిగతా సగానికి ధర లేదని ఏడుస్తూ ఎన్నాళ్లుంటాం?