తాళపుచెవి పరాధీనము కారాదు

వానకు నోచని అనంతపుర మండలమున వేరుసెనగ రైతునకు పంట నష్టమునకై వచ్చు సొమ్ము నేడు బ్యాంకు ఖాతాలోనే పడుచున్నది. ఆ సొమ్మును త్రోవలో దొంగల పాలు గాకుండ కాచునది పోలీసు బందోబస్తు కాదు. లెక్కలను పరులు చదువలేకుండ మార్చి పంపు గూఢలిపి. ఆ తాళము బలహీనమైనచో కరవు మిగిల్చిన నాలుగు రూకలును దక్కవు. కావున గూఢలిపి యెగుమతిపై రాజ్యములు విధించు నిర్బంధములు దూరదేశపు గొడవయని పాఠకులు తలంపరాదు.

అమెరికా ప్రభుత్వము 1996 వరకు గూఢలిపిని ఫిరంగులతో పాటు యుద్ధసామగ్రి పట్టికలో చేర్చియుండెను. పరదేశములకు 40 బిట్ల తాళమును మాత్రమే సులభముగా పోనిచ్చెడిది. దానికి సుమారు లక్షా పదివేల కోట్ల తాళపుచెవులు సాధ్యములు. వినుటకు గొప్ప సంఖ్యయే. కాని 1997లో బర్క్‌లీ విద్యార్థి యొకడు అట్టి తాళమును మూడున్నర గంటలలో విప్పి చూపెను. గట్టి తాళము తమకు, లొట్ట తాళము పరులకు! ఇదియా న్యాయము?

మూలమును దాచక లోకమునకెల్ల పంచిపెట్టు లినక్సు వంటి ఆపరేటింగు సిస్టములకును ఈ తిప్పలు తప్పలేదు. డెబియను నిర్మాతలు గూఢలిపి భాగములను 2002 వరకు అమెరికా వెలుపల వేరుగా నుంచుకొనవలసివచ్చెను. పీజీపీ యను సాధనపు మూలమును పుస్తకముగా నచ్చొత్తించి దేశము దాటించి, 1997లో ఐరోపాయందు మరల యంత్రమున కెక్కించిరి. పుస్తకమునకు లేని సంకెల యంత్రమునకేల?

2000లో అమెరికా బహిరంగ మూలమునకు మినహాయింపు నిచ్చెను. మంచిదే. కాని యది అనుగ్రహము, హక్కు కాదు. ఒక ఉత్తర్వుతో వచ్చినది మరియొక ఉత్తర్వుతో పోవును. 2019లో ఆంక్షల పేరిట గిట్‌హబ్ సంస్థ ఇరాను, సిరియా, క్రిమియాలలోని ప్రోగ్రామర్లకు కొన్ని సేవలను నిలిపివేయుట లోకమెరుగును.

పరులననుట యేల? మన టెలికం శాఖ పూర్వపు ఇంటర్నెట్టు లైసెన్సులలో అనుమతి లేనిదే 40 బిట్లు మించరాదనెను. 2001లో రిజర్వు బ్యాంకు 128 బిట్లుండవలెననెను. ఒకే ప్రభుత్వమునకు రెండు నాలుకలు! 2015లో పౌరులు తమ సందేశముల మూలప్రతిని 90 దినములు దాచియుంచవలెనను ముసాయిదాను ప్రకటించి, ప్రజాగ్రహమునకు వెరచి ఉపసంహరించుకొనిరి. 2017లో మన దేశమును వాసెనార్ ఒడంబడికలో చేరినది. గూఢలిపి ఆ యెగుమతి పట్టికలోనున్నది. బహిరంగ మూలమునకు అక్కడను మినహాయింపే దిక్కు.

నేరగాండ్రు వాడుకొందురు గదా యని కొందరందురు. ఈ గణితము అచ్చు పుస్తకములలోనున్నది. నేరగాడు లైసెన్సుకై వేచియుండడు. చట్టమునకు లోబడి బిగువైన తాళమును వదలుకొనువాడు సత్పురుషుడొక్కడే.

బహిరంగముగా ప్రకటింపబడిన మూలమునకు ఎట్టి లైసెన్సును అక్కరలేదని పార్లమెంటు శాసనములోనే వ్రాయవలెను. అనంతపురపు సాంకేతిక విశ్వవిద్యాలయము మొదలుగా మన విద్యాలయములన్నియు ఆ మూలముల ప్రతులను తమ యంత్రములలో నిలుపుకొని, విద్యార్థులచే చదివించి, దిద్దింపవలెను. వాన దైవాధీనము; దానికి మనమేమియు చేయజాలము. తాళపుచెవి మాత్రము పరాధీనము కారాదు.