పొలం పని పోయింది.. కంచం మారలేదు

బుక్కపట్నం చెరువు కింద నాట్లు వేసిన అమ్మమ్మ, ధర్మవరంలోనో హిందూపురంలోనో కాపురముంటున్న మనవరాలు. ఇద్దరి కంచంలోనూ అన్నం అంతే ఉంటే? లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ఒళ్లు వంచి కష్టపడే స్త్రీకి రోజుకు 2,720 కిలో క్యాలరీలు కావాలి. ఎక్కువగా కూర్చునే పని చేసే స్త్రీకి 1,660 చాలు. వెయ్యికి పైగా తేడా!

ఆ తేడా ఎక్కడికి పోతుందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు 2015-16లో 33.2 శాతం. 2019-21 సర్వే నాటికి 36.3 శాతం. దేశ సగటు 24 శాతమే. (శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది 2022లో కాబట్టి ఆ సర్వేలో మన జిల్లా పేరు వెతక్కండి.)

ఇంతకన్నా ఆలోచించాల్సిన అంకె ఇంకోటుంది. అదే సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. ‘ఒళ్లుంది కదా, రక్తం ఎందుకుండదు’ అనుకోకండి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. నీరసమని ఇంకో ముద్ద ఎక్కువ తింటే నడుము పెరుగుతుంది, రక్తం పెరగదు. అన్నంలో ఇనుము చాలా తక్కువ. ఆయాసం, అలసట ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

సంగటి మానేసి అన్నానికి అలవాటుపడటమే కారణమని కొందరు తేల్చేస్తారు. సగం నిజమే. పని లేనప్పుడు ముద్ద మీద ముద్ద తింటే సంగటి కూడా ఒంటికి పట్టేస్తుంది. అసలు చూడాల్సింది నూనె సీసా. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే తలా రోజుకు 30 గ్రాములు, అంటే 270 కిలో క్యాలరీలు. మన వేరుశనగ నూనె మంచిదే కదా అంటారా? మంచిదైనా గ్రాముకు 9 కిలో క్యాలరీలే. ఇక పిల్లలు వదిలేసింది పారేయలేక తల్లి తినేది ఏ లెక్కలోకీ రాదు.

అయిదడుగుల స్త్రీ 58 కిలోలు దాటితే సర్వే లెక్కలో అధిక బరువే. మన దేశ వైద్యులు 53 దాటగానే జాగ్రత్తపడమంటారు. తూకం యంత్రం లేకపోతే దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవండి. 80 సెంటీమీటర్లు, అంటే 31.5 అంగుళాలు దాటితే షుగర్, బీపీ పరీక్షలు కూడా చేయించుకోండి.